బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, మా ప్రోగ్రామ్‌లో తెరుచుకోదు: తప్పు ఎవరిది?

గోదారిగట్టు: మా క్లయింట్ ఒక సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదు. ‘అన్ఏబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్’ అంటోంది, అంటే సర్వర్ చూపిన సర్టిఫికెట్‌ను (దాని గుర్తింపు పత్రాన్ని) జారీ చేసినవాళ్ల సర్టిఫికెట్ దొరకలేదని. అదే అడ్రస్ క్రోమ్‌లో తెరుచుకుంటుంది. సర్వర్ ఇంటర్మీడియట్ (సర్వర్ సర్టిఫికెట్‌ను రూట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్) పంపడం లేదు. సర్వర్ సర్టిఫికెట్‌లోనే దాని లింకు ఉంటుంది, క్రోమ్ దాంతో తెచ్చుకుంటుంది. మన ప్రోగ్రామ్ కూడా అలాగే తెచ్చుకోవాలి.

రాత్రిడ్యూటీ: ఒప్పుకోను. రూట్ (మన మెషీన్ ముందే నమ్మే మూల సర్టిఫికెట్) తప్ప మిగతా చెయిన్, అంటే ఆ సర్టిఫికెట్ల వరస, పంపాల్సింది సర్వరే. ఫుల్‌చెయిన్ ఫైల్ పెట్టాల్సిన చోట సర్వర్ సర్టిఫికెట్ ఒక్కటే ఉన్న సర్ట్ ఫైల్ పెట్టి ఉంటారు. ఒక్క లైను మార్చితే సరిపోతుంది.

చిన్నోడు: వెరిఫికేషన్ ఆపేస్తే పోలా అన్నా?

రాత్రిడ్యూటీ: వద్దు తమ్ముడూ. మధ్యలో ఎవడు ఏ సర్టిఫికెట్ చూపించినా ఒప్పుకున్నట్టే. మా పాత ఆఫీసులో టెస్టు కోసం అలా ఆపిన లైను లైవ్‌లోకి పోయింది. రాసింది వేరేవాళ్లు, మాట పడింది నేను.

గోదారిగట్టు: నేను ఆపమన్నానా? 2021 సెప్టెంబరు 30న సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడిన పాత రూట్ గడువు తీరితే, సర్టిఫికెట్లు వెరిఫై చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ 1.0.2 వాడేవి చాలా ఆగాయి. సర్వర్లు చెయిన్ మొత్తం పంపాయి. అప్పుడు తప్పు క్లయింట్‌ది కాదా?

రాత్రిడ్యూటీ: అది వేరండీ. కొత్త రూట్ తన దగ్గరే ఉన్నా 1.0.2 సర్వర్ చూపిన దారినే పోయి గడువు తీరిన రూట్ దగ్గర ఆగింది. 1.1.0 నుంచి తన దగ్గరున్న రూట్‌లనే ముందు చూస్తుంది. అక్కడ దారి ఉంది, ఇక్కడ అసలు లేదు. ఇంకా వెరిఫై కాని సర్టిఫికెట్‌లోని లింకు నమ్మి మన ప్రోగ్రామ్ బయటికి వెళ్లాలా?

గోదారిగట్టు: సర్వర్ మీ చేతిలో ఉంటే ఎన్నైనా చెప్పొచ్చు! ఇది కస్టమర్‌ది. మూడు వారాలుగా మెయిల్ పెడుతున్నా, ‘మా బ్రౌజర్‌లో బాగానే వస్తోంది’ అంటున్నారు. ఆలస్యానికి జవాబు చెప్పాల్సింది నేను.

రాత్రిడ్యూటీ: ఈ మాట మొదటే చెప్పాల్సింది. ఆ ఇంటర్మీడియట్‌ను సీఏ (సర్టిఫికెట్ జారీ చేసిన సంస్థ) సైటు నుంచి దింపి మీ కాన్ఫిగ్‌లో ఇవ్వండి. రూట్‌గా మాత్రం నమ్మించకండి, చెయిన్ అసలు రూట్ దాకా వెళ్లాలి. వాళ్లు సర్టిఫికెట్ రెన్యూ చేసినప్పుడు ఇంటర్మీడియట్ మారొచ్చు, గుర్తుంచుకోండి. సర్వర్ ఏ సర్టిఫికెట్లు పంపుతోందో చూపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్ ఎస్_క్లయింట్‌ను షోసర్ట్స్ ఆప్షన్‌తో నడిపి ఆ అవుట్‌పుట్ వాళ్లకు పంపండి. ఒక్క సర్టిఫికెట్టే కనిపిస్తుంటే కాదనలేరు.

పద్మ_టెస్టింగ్: మీ టెస్టుల్లో ఇది ఎందుకు దొరకలేదు?

గోదారిగట్టు: టెస్టు సర్వర్‌లో సెల్ఫ్‌సైన్డ్ (తనకు తానే సంతకం చేసుకున్న) సర్టిఫికెట్ ఒక్కటే ఉందండీ.

పద్మ_టెస్టింగ్: అందులో చెయినే లేదు కదా. రూట్, ఇంటర్మీడియట్, సర్వర్ సర్టిఫికెట్ మూడూ మీరే తయారుచేసుకోండి. ఇంటర్మీడియట్ తీసేసి ఒకసారి, గడువు తీరినదాంతో ఒకసారి, వేరే హోస్ట్ పేరుతో ఒకసారి నడపండి. మూడుసార్లూ కనెక్షన్ ఫెయిల్ కావాలి.

గోదారిగట్టు: రేపే చేస్తానండీ. కానీ క్లయింటే తెచ్చుకోవాలన్న నా మాట మారలేదు.