హన్మకొండ లోక్‌సభ సీటు 2009 తర్వాత ఏ సీటు కింద లెక్క?

లెక్కల_రాజన్న (ప్రశ్న)

వరంగల్ ప్రాంతం లోక్‌సభ ఫలితాలు 1977 నుంచి 2024 దాకా ఒక షీట్‌లో పేరుస్తున్నా. 2004 దాకా హన్మకొండ ఒక సీటు, వరంగల్ ఇంకో సీటు. 2009లో హన్మకొండ మాయం. రెండు అనుమానాలు. 2008 ఫిబ్రవరిలో రద్దయిందంటారు, మరి అదే ఏడాది మేలో అక్కడ ఉప ఎన్నిక ఎలా జరిగింది? 2009 నుంచి హన్మకొండ వరుసలో వరంగల్ అంకెలు వేసేస్తే తప్పా?

కోట_గుమ్మం

తప్పే, వేయకండి. ముందు ఉప ఎన్నిక సంగతి.

నియోజకవర్గాల హద్దులు మార్చే పునర్విభజన ఉత్తర్వు 2008 ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చింది. కానీ అప్పటికే కొలువుదీరి ఉన్న సభకు అది వర్తించదు. ఆ సభ రద్దయ్యేదాకా ఖాళీలన్నీ పాత హద్దులతోనే నింపాలి. టీఆర్‌ఎస్ ఎంపీలు రాజీనామా చేస్తే మే 29న కరీంనగర్, హన్మకొండ, వరంగల్, ఆదిలాబాద్‌లో పోలింగ్ జరిగింది పాత మ్యాప్ మీదే. అందులో టీఆర్‌ఎస్‌కు దక్కినవి కరీంనగర్, హన్మకొండ. కాబట్టి హన్మకొండ ఎంపీ అన్న హోదా 14వ లోక్‌సభతో పాటే, 2009 మేలో ముగిసింది. షీట్‌లో "రద్దు 2008" అని కాకుండా "ఉత్తర్వు 2008, సభ ముగింపు 2009" అని రెండూ రాసుకోండి.

గెలిచినవాళ్ళు: 1977, 80 పీవీ నరసింహారావు; 1984 చందుపట్ల జంగారెడ్డి; 1989, 91, 96 కమాలుద్దీన్ అహ్మద్; 1998, 99 చాడా సురేశ్‌రెడ్డి (టీడీపీ); 2004, 2008 ఉప ఎన్నిక బి. వినోద్‌కుమార్. 1971 జాబితాలో ఈ సీటు పేరే కనపడదు, వెతికి టైం పాడుచేసుకోకండి.

పాత_ఫిర్కా

పై జాబితాలో 1984 గడి దగ్గర చాలామంది పొరబడతారు. ఆ ఏడాది రాష్ట్రంలో టీడీపీ గాలి కదా అని పీవీని ఓడించింది టీడీపీ అని రాసేస్తారు. కాదు, జంగారెడ్డి బీజేపీ అభ్యర్థి, టీడీపీ పొత్తుతో నిలబడ్డారు. తేడా 54 వేల పైచిలుకు. దేశం మొత్తమ్మీద ఆ ఎన్నికల్లో బీజేపీకి వచ్చిన రెండు సీట్లలో ఇదొకటి, రెండోది గుజరాత్‌లోని మెహసానా. పీవీ అదే ఎన్నికల్లో మహారాష్ట్ర రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచారు కనుక సభకు వెళ్ళారు. మీ షీట్‌లో "పీవీ 1984" అని కనపడితే అది రాంటెక్ గెలుపు, హన్మకొండ ఓటమి, రెండూ వేర్వేరు వరుసలు.

ఇక పాత సీటును కొత్త మ్యాప్ మీదికి తేవడం. పేరు పట్టుకుని పోతే దారి తప్పుతారు, ఊరు పట్టుకుని పోవాలి. పునర్విభజన ఉత్తర్వులో రెండు పట్టికలుంటాయి: 'ఎ'లో ఒక్కో అసెంబ్లీ సీటు కింద ఏ ప్రాంతం, 'బి'లో ఒక్కో లోక్‌సభ సీటు కింద ఏ అసెంబ్లీ సీట్లు. ముందు 'ఎ'లో ఊరి మండలం ఏ అసెంబ్లీలో ఉందో పట్టుకుని, ఆ తర్వాతే 'బి'కి వెళ్ళాలి. చిక్కేమిటంటే మండలాలు పుట్టిందే 1985లో. పాత హద్దులు గీసిన 1976 నాటి ఉత్తర్వు తాలూకాలు, ఫిర్కాల్లో (తాలూకా లోపలి రెవెన్యూ భాగాల్లో) మాట్లాడుతుంది, 2008ది మండలాల్లో. మధ్యలో ఫిర్కా నుంచి మండలానికి మీరే ఒక జాబితా కట్టుకోవాలి. పనంతా అక్కడే ఉంది.

నంబర్లతో షీట్లు కలపొద్దు. పాత వరుసలో 1వ అసెంబ్లీ సీటు ఇచ్ఛాపురం. 2008 వరుసలో 1 సిర్పూర్, ఇచ్ఛాపురం 120కి పోయింది. నంబరు చూసి కలిపితే శ్రీకాకుళం ఓట్లు ఆదిలాబాద్‌లో పడతాయి, ఫార్ములా మాత్రం ఎర్రర్ చూపించదు! పేరుతో కలిపినా చెన్నూరు దగ్గర దెబ్బ తింటారు: పాత మ్యాప్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఒకటి, వరంగల్ జిల్లాలో ఒకటి. వరంగల్ వైపుది 2008లో పోయి పాలకుర్తి వచ్చింది.

లెక్కల_రాజన్న

అంటే హనుమకొండ జిల్లా మండలాలన్నీ తీసుకుని కూడితే పాత సీటు దగ్గరకు రాదా అన్నా?

పాత_ఫిర్కా

రాదు. ఆ జిల్లా పేరు 2021లో వచ్చింది, అంతకుముందు వరంగల్ అర్బన్. జిల్లాల గీతలకూ లోక్‌సభ గీతలకూ పొంతన లేదు. కమలాపూర్ చూడండి: అసెంబ్లీ సీటుగా 2008లోనే పోయింది, మండలం ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది, ఓటు హుజూరాబాద్ అసెంబ్లీలో, అంటే కరీంనగర్ లోక్‌సభకు. భీమదేవరపల్లి మండలం కూడా అదే జిల్లా, కానీ హుస్నాబాద్ అసెంబ్లీ, మళ్ళీ కరీంనగరే. పీవీ సొంతూరు వంగర ఉన్నది ఆ మండలంలోనే. శాయంపేట మండలమేమో భూపాలపల్లి ద్వారా వరంగల్ లోక్‌సభలో. పక్కపక్క మండలాలే, ఎంపీలు వేరు.

కోట_గుమ్మం

ఎందుకు పోయిందో కూడా ఒక నోట్‌లో పెట్టండి, లేకపోతే చదివేవాళ్ళు రాజకీయ కక్ష అనుకుంటారు. ఉమ్మడి రాష్ట్రానికి 42 సీట్లు, ఆ సంఖ్య కదలదు. ఒక్కో లోక్‌సభ సీటుకు ఏడు అసెంబ్లీ సీట్లు. 2001 జనాభా లెక్కలు పెట్టి చూస్తే హైదరాబాద్ చుట్టూ ఉబ్బింది, మల్కాజిగిరి, చేవెళ్ల కొత్తగా వచ్చాయి. భద్రాచలం ఎస్టీ సీటు పోయి మహబూబాబాద్ ఎస్టీ సీటు పుట్టింది. వరంగల్ జిల్లా అసెంబ్లీ సీట్లు 13 నుంచి 12కు తగ్గాయి. పక్కపక్కనే రెండు లోక్‌సభ సీట్లున్న చోట ఒకటి తగ్గింది, వరంగల్ పేరు మిగిలింది. మిగిలిన వరంగల్ కూడా పాతది కాదు: 2004 దాకా జనరల్, 2009 నుంచి ఎస్సీ. రెండు వరుసలు కలపొద్దనడానికి ఇదొక్కటి చాలు.

వినోద్‌కుమార్ 2009లో కరీంనగర్‌లో నిలబడి ఓడి, 2014లో అక్కడే గెలిచారు. అభ్యర్థిని బట్టి "హన్మకొండే కరీంనగర్ అయింది" అని రాసిన చోట్లు కనిపిస్తే నమ్మకండి.

2009 గడి ఖాళీగా వదిలి, కింద అడ్డగీత కొట్టి కొత్త వరుస మొదలుపెట్టండి. ఒకే నేల మీద 2004కూ 2009కీ పోలిక కావాలంటే బూత్‌వారీ ఫలితాల పత్రం, ఫారం 20, తీసుకోవాలి. బూత్ నంబర్లు జాబితా సవరించినప్పుడల్లా మారతాయి కాబట్టి పోలింగ్ కేంద్రం ఉన్న ఊరి పేరుతో కలపండి. "హనుమకొండ", "హన్మకొండ", "హనంకొండ" మూడు రాతలూ ఒకే రకంగా మార్చుకున్నాకే మొదలుపెట్టండి.