రాళ్ల కోసం తీసిన గాల్‌బ్లాడర్‌ను (పైత్యం తిత్తిని) ప్రతిసారీ బయాప్సీకి పంపాల్నా?

హన్మకొండ_సర్జన్:
గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటలేదు, కోసి చూస్తే లోపలి పొర మఖమల్ లెక్క ఉంది, వయసు నలభై లోపే. ఇట్లాంటి తిత్తిని ల్యాబుకు పంపుడు దేనికి? ఖర్చు పేషెంట్ మీద పడుతది. గంగా మైదానంలో ఉన్నంత గాల్‌బ్లాడర్ క్యాన్సర్ మన వరంగల్, కరీంనగర్ దిక్కు లేదు. అనుమానం ఉన్నవే పంపుదాం.

స్లైడు_బల్ల:
సార్, డిస్ప్లేసియా (కణాలు క్యాన్సర్ దిక్కు మారుడు) ఆ మఖమల్ పొరలోనే ఉండొచ్చు. చాలాసార్లు గడ్డ లేవదు, రంగు మారదు. రాయి ఏళ్లకేళ్లు రాసుకుంటుంటే కణాలు పొట్ట చివరి గ్రంథుల తీరుకు మారుతయి. అది పైలోరిక్ మెటాప్లేసియా, మామూలే. కొన్నిట్ల పేగులో ఉండే గోబ్లెట్ కణాలు పుడుతయి, అక్కడి నుంచి జాగ్రత్త పడాలె. పసుపు చుక్కలతో స్ట్రాబెర్రీ లెక్క కొట్టొచ్చినట్టు కనబడే కొలెస్టరోలోసిస్‌తోని (పొరల కొవ్వు పేరుడుతోని) మాత్రం క్యాన్సర్ భయం లేదు.

హన్మకొండ_సర్జన్:
ఎన్ని పంపినా రిపోర్టు 'క్రానిక్ కోలిసిస్టైటిస్' (తిత్తికి పాత వాపు) అనే వస్తది కద మేడమ్.

స్లైడు_బల్ల:
కోయకుండ చిన్న డబ్బాల కుక్కి పంపితే ఇంకేం వస్తది? లోపలికి ఫార్మలిన్ (కణాలు కుళ్లకుండ కాపాడే ద్రవం) పోదు, పైత్యం పొరను తినేస్తది. మూత తీస్తే ఆకుపచ్చ బురద, స్లైడు మీద ఎపిథీలియమే (లోపలి కణాల పొరే) ఉండదు. థియేటర్‌లనే లివర్‌కు అంటని దిక్కు నుంచి ఫండస్ (తిత్తి అడుగు) మొదలు మెడ దాకా నిలువుగ కత్తిరించి, పైత్యం వంపి, 10 శాతం ఫార్మలిన్ తిత్తికి పదింతలు పోయాలె. గాజుగుడ్డతోని రుద్దొద్దు. ఫండస్, బాడీ, మెడ నుంచి ఒక్కో ముక్క, సిస్టిక్ డక్ట్ (తిత్తి గొట్టం) చివర మేం తీస్తం.

హుజూరాబాద్_ఓటీ:
రాళ్లు చూపియ్యమని ఇంటోళ్లు అడుగుతరు. అందుకని ఎక్కడ వీలైతే అక్కడ చిన్న గాటు పెట్టి పిండుతరు. ఆ పిండుట్లనే పొర నలుగుతది. నిలువు కోత పెట్టి చెంచాతోని తీస్తే రెండు పనులూ అయితయి.

హన్మకొండ_సర్జన్:
కోత సంగతి ఒప్పుకుంట. రిపోర్టుల మెటాప్లేసియా అని వస్తే పేషెంట్‌కు ఏం చెప్పాలె?

స్లైడు_బల్ల:
తిత్తి పోయింది, ఇంకేం అక్కర లేదని చెప్పండ్రి. హైగ్రేడ్ డిస్ప్లేసియా అయితే మిగిలిన తిత్తంతా ముక్కలు చేసి చూడాలె, డక్ట్ చివర కూడా. క్యాన్సర్ పొరలోనే ఉన్న టీ1ఏ దశ అయితే, తిత్తి చినగకుండ, డక్ట్ చివర శుభ్రంగ ఉంటే, చేసిన ఆపరేషన్ చాలు. కండరంలోకి దిగితే లివర్ 4బి, 5 భాగాల నుంచి కొంత, లింఫ్ గ్రంథులు తీయాల్సి వస్తది. గాల్‌బ్లాడర్‌ల సబ్‌మ్యూకోజా (లోపలి పొరకు, కండరానికి నడిమి పొర) లేదు, పొర కిందనే కండరం. ఆ తేడా వేలుతోని తడిమితే తెలుస్తదా సార్?

హన్మకొండ_సర్జన్:
తెలువదు. అయినా నలభై లోపు, పలుచని గోడ ఉన్న కేసుల్ల నా మాట నాదే. కోసి పరిచి, ఫోటో కేస్‌షీట్‌ల పెట్టినంకనే పారేయాలె.

స్లైడు_బల్ల:
ఫోటోల కణాలు కనబడవు సార్. పంపకున్నా సరే, తెరిచి ఫార్మలిన్‌ల వేసి పేరు రాసి ఉంచండ్రి.