నడుం నొప్పికి కోర్ ఎక్సర్‌సైజులు తప్పనిసరా, నడక చాలదా?

పలాస కుర్రోడు: మా అమ్మది జీడిపప్పు పొట్టు తీసే పని. పొద్దున్న కూర్చుంటే సాయంత్రం దాకా వంగి ఉండాల్సిందే. రెండేళ్లుగా నడుం నొప్పి. ఫిజియో పొట్ట, నడుం కండరాల్ని గట్టిపరిచే కోర్ ఎక్సర్‌సైజులు, అంటే ప్లాంక్ (బోర్లా, మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం), బర్డ్ డాగ్ చేయమన్నారు. మావయ్యేమో "అవన్నీ జిమ్ కుర్రాళ్ల పనులు, బెల్టు కట్టుకుని నాలుగడుగులు నడిస్తే చాలు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

కోట జంక్షన్: ఫిజియో మాటే వినండి. పొట్ట లోపలి పొర కండరం నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఆలస్యంగా బిగుసుకుంటుందని 1996లోనే ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు చూపించారు. బర్డ్ డాగ్ ఏమంత కష్టం కాదు. చేతులు, మోకాళ్ల మీద ఆనుకుని కుడి చెయ్యి, ఎడమ కాలు చాచి కొన్ని సెకన్లు ఉండాలి, తర్వాత రెండో వైపు. నడుం మీద నీళ్ల గ్లాసు పెట్టినా ఒలకకూడదు, అంత నిలకడగా చెయ్యాలి.

నాగావళి గట్టు: ఆ ఆలస్యం వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల ఆలస్యం వచ్చిందా? 2010లో లెడర్‌మన్ అనే నిపుణుడు అడిగింది ఇదే. దీర్ఘకాలిక నడుం నొప్పి మీద పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసిన 2016 కోక్రేన్ సమీక్ష కూడా ఈ రకం వ్యాయామాలకీ మిగతా వ్యాయామాలకీ చెప్పుకోదగ్గ తేడా లేదంది. నడక విషయంలో మీ మావయ్య కరెక్టే. బెల్టు మాత్రం వద్దు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో వద్దన్న వాటిలో అదీ ఉంది.

కోట జంక్షన్: తేడా లేదంటే పనికిరాదని కాదు కదండీ! ఏమీ చేయకపోవడం కంటే మేలని అదే సమీక్షలో ఉంది. రోజంతా కూర్చుని, ఇంటికొచ్చి వంట చేసుకునే ఆవిడకి నడవడానికి టైమెక్కడిది? ఇదైతే చాప మీద పది నిమిషాల పని.

కవిటి పెద్దాయన: కండరాల గొడవ సరే, బిళ్లల సంగతి ఎవరూ అడగరేం? బాబూ, అమ్మ మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగుతోందా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అదే పనిగా వాడితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. మీరు చెప్పే మార్గదర్శకాల్లో వాటికీ చోటుంది గాని, అది రాసినవాళ్లు కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో లేరు. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించండి.

పలాస కుర్రోడు: మింగుతోందండీ, పని ఎక్కువున్న రోజు రెండేసి కూడా. టెస్టు చేయిస్తాను. ప్లాంక్ వేస్తే మాత్రం నొప్పి పెరుగుతోంది అంటోంది.

నాగావళి గట్టు: అయితే ఆపేయమనండి. గోడకి చేతులానించి చేసేది ఫిజియోని అడిగి మొదలుపెట్టొచ్చు. పనిలో మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయమనండి. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఎక్సర్‌సైజుల మాట పక్కనపెట్టి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

కోట జంక్షన్: ప్లాంక్ ఆపేసినా బర్డ్ డాగ్ మానొద్దు.

నాగావళి గట్టు: ఆవిడకి నచ్చితేనే!