జీటీఏ 6 ఆన్‌లైన్: పాత డబ్బు వెంట రావాలా, అందరూ సున్నా నుంచి మొదలెట్టాలా?

నైట్‌షిఫ్ట్:
జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో గేమ్ కొత్త భాగం) విడుదల ముందు 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఇప్పుడు 2026 నవంబర్ 19 అంటున్నారు. ట్రైలర్లలో హీరో జేసన్‌ని, హీరోయిన్ లూసియాని, కథ జరిగే వైస్ సిటీని చూశాక కథ మీద నాకు బెంగ లేదు. నా టెన్షన్ అంతా నెట్‌లో అందరూ కలిసి ఆడే ఆన్‌లైన్ గురించే. 2013 అక్టోబర్ 1 నుంచి పాత జీటీఏ ఆన్‌లైన్‌లో కూడబెట్టిన డబ్బు, కార్లు, బంకర్లు కొత్త దాంట్లోకి రానివ్వాలా? నేనైతే వద్దంటాను. మొదటి రోజే ఎవడో మిసైళ్లు పేల్చే బైక్ మీద నెత్తిన ఎగురుతుంటే, ఆ కొత్త వీధుల్లో నిదానంగా తిరిగి చూసేదెవరు?

పాతకారు:
నేను ఒప్పుకోను. పీఎస్3 (ప్లేస్టేషన్ 3)లో మొదలుపెట్టిన క్యారెక్టర్‌ని పీఎస్4కి, 2022లో పీఎస్5కి తెచ్చుకున్నాను. దానివల్ల ఎవరి ఆటా పాడవలేదు. 2015 మార్చిలో హైస్ట్‌లు (పెద్ద దోపిడీ మిషన్లు) వచ్చినప్పుడు మేం నలుగురం పసిఫిక్ స్టాండర్డ్ బ్యాంకు మీద పడ్డాం. బైకుల మీద పారిపోతుంటే తూటా తగిలిన ప్రతిసారీ సంచిలోంచి డబ్బు రాలిపోయేది. పడవ దాకా చేరేసరికి మైకులో ఒక్కరూ మాట్లాడలేదు, అందరి కళ్లూ స్క్రీన్ మూలన తగ్గుతున్న అంకె మీదే. అలా సంపాదించింది చెరిపేస్తామంటే ఎలా? పైగా సున్నా నుంచి మొదలైనంత మాత్రాన ఆట బతకదు. జీటీఏ తీసిన కంపెనీదే కౌబాయ్ గేమ్ రెడ్ డెడ్ ఆన్‌లైన్ అలాగే మొదలైంది, ఇక పెద్ద అప్‌డేట్లు ఉండవని 2022లో చెప్పేశారు.

నైట్‌షిఫ్ట్:
ఆ రాత్రి మీకింకా గుర్తుందంటే అప్పుడు మీ చేతిలో ఏమీ లేదు కాబట్టే. ఇప్పుడు మీ ఖాతాలో ఉన్న డబ్బుతో అదే హైస్ట్ ఆడితే ఆ అంకె వైపు చూస్తారా? ఆ టెన్షన్ కొత్తగా వచ్చేవాళ్లకీ దక్కాలి, మీకూ మళ్లీ దక్కాలి.

సోలోప్లేయర్:
మీరిద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. నాకు మొదటి రోజు నుంచే ప్రైవేట్ సెషన్‌లో (బయటి ప్లేయర్లు రాని ఆటలో) వ్యాపారం చేసుకునే వీలు కావాలి. పాత ఆటలో దానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు ఒకసారి సాయంత్రమంతా కూర్చుని గోడౌన్ నింపాను. అమ్మడానికి బండి తీశానో లేదో మ్యాప్ మీద ఎర్ర చుక్క, అంటే ఇంకో ప్లేయర్, నా వైపే కదిలింది. రోడ్డు ఎక్కకముందే బండి పేలిపోయింది. ఆ రోజు ఆట ఆపేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. 2020 డిసెంబర్‌లో ఒక్కరే చేయగల కాయో పెరికో హైస్ట్ వచ్చాకే ఒంటరిగా ఆడేవాళ్లకి ఊపిరి ఆడింది.
ఇంకోటి, ధరలు. ఆ ఎగిరే బైక్ 2018లో వచ్చినప్పుడు 40 లక్షల జీటీఏ డాలర్లలోపే, 2022లో 80 లక్షలు చేశారు. ధరలు ఇలా పెరిగితే షార్క్ కార్డు (నిజం డబ్బు పెట్టి తీసుకునే ఆట డబ్బు) కొనని మనిషికి మిగిలేది చాకిరీయే.

పీసీవాలా:
పీసీలో ఆడిన నా మాట కూడా వినండి. జీటీఏ ఆన్‌లైన్ మాకు 2015లో వచ్చింది, మోసగాళ్లను పట్టే సాఫ్ట్‌వేర్ బాటిల్‌ఐ 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. మధ్యలో ఆటను హ్యాక్ చేసే మోడర్లు సంచులకొద్దీ డబ్బు వెదజల్లారు. అడగకుండానే నా నెత్తి మీదా కురిపించారు. ఇప్పుడు ఏది కష్టార్జితమో ఏది వాళ్లు పంచిందో ఎలా తేలుస్తారు? పాత డబ్బును రానిస్తే కొత్త ఆటలోకి ఆ దొంగ సొమ్ము కూడా వస్తుంది.

పాతకారు:
పీసీవాలా చెప్పింది నేను ఆలోచించలేదు. సరే, డబ్బు, ఆయుధాలు, ఆ బైక్ అన్నీ అక్కడే ఉండనివ్వండి. కానీ నా క్యారెక్టర్ ముఖం, నా క్రూ (జట్టు) పేరు, ఆ హైస్ట్ రాత్రి వేసుకున్న నల్ల జాకెట్, ఈ మూడూ రానివ్వాలి. వాటితో ఎవరి మీదా మిసైల్ వేయలేను కదా.

నైట్‌షిఫ్ట్:
జాకెట్‌కి నాకూ అభ్యంతరం లేదు.