డీఎన్ఏ మార్కర్లతో ఆఫ్రికా పంటల పని: అక్కడ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

బాపట్ల_బ్యాచ్:
అందరికీ నమస్తే. ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ అయింది. ఉగాండాలో సెరెరె దగ్గర రాగి అగ్గితెగులు మీద మార్కర్ల (మొక్కలో కావాల్సిన జన్యువు ఉందో లేదో పట్టిచ్చే డీఎన్ఏ గుర్తులు) ప్రాజెక్టులో రెండేళ్ల పని దొరికింది. అమ్మకి అంత దూరమా అని టెన్షన్, నాకేమో వేరే టెన్షన్. పొలం ఒక దేశంలో, ల్యాబ్ ఇంకో దేశంలో, డబ్బిచ్చేవాళ్లు మూడో దేశంలో. ఇలాంటివి రైతు దాకా వెళ్తాయా, పేపర్లు రాసుకోవడంతో ఆగిపోతాయా?

పటాన్చెరు_పాతకాపు:
వెళ్తాయి తమ్ముడూ, టైం పడుతుందంతే. జొన్నమల్లె కలుపు సంగతే చూడు. మన చేలల్లో తెల్లపూల మల్లె, ఆఫ్రికాలో ఊదాపూలది, రెండూ జొన్న వేరుకి అతుక్కుని సారమంతా పీల్చేసే రకాలే. దాన్ని తట్టుకునే జొన్న ఎన్13, అది మన దేశపుది. ఇక్రిశాట్, జర్మనీలోని హోహెన్‌హైమ్ యూనివర్సిటీ కలిసి దాని సంతతిని మాలీ, కెన్యా పొలాల్లో పరీక్షించి, ఆ గుణం క్రోమోజోముల మీద ఏ 5 చోట్ల ఉందో 2004లో బయటపెట్టాయి. ఆ చోట్లని మార్కర్లతో పట్టుకుని సూడాన్ రైతులు వేసే తబత్, వాద్ అహ్మద్ లాంటి రకాల్లోకి ఎక్కించారు, 2012లో అక్కడ 4 రకాలు విడుదలయ్యాయి. జొన్న పుట్టిల్లే ఆ సూడాన్, ఇథియోపియా వైపు. సారె పుట్టింటి నుంచి రావాలి గానీ ఇక్కడ ఎదురెళ్లింది!

నైరోబీ_అక్క:
నేను ఆఫ్రికాలో 4 ఏళ్లు చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, విసుక్కోకండి. మార్కర్ పని చూడ్డానికి చాలా తేలిక. లేత మొక్క ఆకు నుంచి చిన్న బిళ్ల కత్తిరించి 96 గుంటల ప్లేటులో వేసి, ఆరబెట్టి పంపిస్తే, ఏ మొక్కలో జన్యువు ఉందో ఏ మొక్కలో లేదో ల్యాబ్ వాళ్లు చెప్తారు. గండమంతా క్యాలెండర్‌తోనే. బ్యాక్‌క్రాస్ (సంకరాన్ని మళ్లీ రైతు రకంతోనే కలపడం) చేసేవాళ్లకి ఆ జవాబు పూత రాకముందే చేతిలో ఉండాలి. ఒక సీజన్‌లో మా ప్లేట్లు వేరే దేశం ల్యాబుకి వెళ్తూ ఏదో కాగితం సరిగా లేదని ఎయిర్‌పోర్టులో 3 వారాలు కూర్చున్నాయి, ఈలోపు జొన్న కంకి వేసేసింది, ఇక చేసేదేముంది, గుడ్డిగా 40 మొక్కల్ని సంకరం చేశాం. ఫలితాలు వచ్చాక చూస్తే సగానికి పైగా దండగ.

ఇంకోసారి మా కుర్రాడు ప్లేటుని తిరగేసి నింపాడు. మొదటి గుంటలో పడాల్సిన ఆకు చివరి గుంటలో పడింది. ల్యాబ్ తప్పని మేము, పొలం తప్పని వాళ్లు, వారం రోజులు మెయిళ్లతో కొట్టుకున్నాం. ఆ తర్వాత ప్రతి ప్లేటులో ఒకే మూల రెండు గుంటలు ఖాళీగా వదలడం మొదలుపెట్టాం, తిరగేస్తే వెంటనే దొరికిపోతుంది. దానికంటే ఎక్కువ పనికొచ్చింది ఏంటంటే, ల్యాబ్ అమ్మాయి పది రోజులు పొలానికి వచ్చి మాతో సంకరాలు చేయడం. మళ్లీ ఎప్పుడూ "రెండు వారాలు ఆలస్యమైతే ఏమైంది" అని రాయలేదు.

నీది రాగి కదా, పువ్వు చీమంత, తనలో తానే ఫలదీకరణ అయిపోతుంది, సంకరం చేశామనుకున్న గింజల్లో చాలావరకు అచ్చం తల్లి లాంటి మొక్కలే వస్తాయి. తెగులు జన్యువు సంగతి తర్వాత, ముందు నిజమైన సంకరం ఏదో తేల్చడానికే మార్కర్ వాడు.

కర్రపెండలం_పెద్దాపురం:
అక్క చెప్పింది నిజమే గానీ మార్కర్ దూరాన్ని తగ్గించిన కేసు కూడా ఉందండీ. కర్రపెండలం మొజాయిక్ తెగులు లాటిన్ అమెరికాలో లేదు. లేని తెగులుకి తట్టుకునే మొక్కని అక్కడ ఎలా ఏరుతారు? సీఎండీ2 అనే నిరోధక జన్యువు దొరికింది నైజీరియా రైతుల పాత రకాల్లో. దాని మార్కర్ పట్టుకుని కొలంబియాలో సియాట్ అనే అంతర్జాతీయ పరిశోధన కేంద్రం వాళ్లు మొక్కలు ఏరి పంపితే, అందులోంచి ఒకటి నైజీరియాలో 2010లో విడుదలైంది. మా వైపు సగ్గుబియ్యం మిల్లుల చుట్టూ ఇదే పంట, ఇదే బాధ. కట్టె నాటే పంట కదా, రోగమున్న కట్టె నాటితే రోగాన్నీ నాటినట్టే.

సందేహాలరావు:
అంతా బాగానే ఉంది, రకం ఎవరిది, డేటా ఎవరిది? రైతు చేలో ఏరిన పాత రకం, ఇంకెక్కడో సీక్వెన్స్ చేస్తారు, పేపర్ మీద పేరు మూడోవాడిది.

పటాన్చెరు_పాతకాపు:
రావు గారూ, ఆ కోపం ఆఫ్రికావాళ్లకీ ఉంది, న్యాయమే. రాగి, జొన్న, కర్రపెండలం అంతర్జాతీయ విత్తన ఒప్పందం జాబితాలో ఉన్నాయి కాబట్టి ఒకే నమూనా పత్రంతో మార్పిడి అవుతుంది. వేరుశనగ ఆ జాబితాలో లేదు, దానికి ఒక్కో దేశంతో విడిగా మాట్లాడుకోవాల్సి రావచ్చు. కర్రపెండలం వాళ్లు డేటాని కసావాబేస్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో అందరికీ తెరిచి పెట్టారు. ఘనా యూనివర్సిటీలో 2007లో పెట్టిన వాక్కి అనే పంటల బ్రీడింగ్ కేంద్రంలో అక్కడి పిల్లలే బ్రీడింగ్‌లో పీహెచ్‌డీలు చేస్తున్నారు, ఇకపై ఆ పేపర్లలో మొదటి పేరు వాళ్లదే కావాలి. బాపట్ల తమ్ముడూ, ఎవరి పేరు ఎక్కడ వస్తుందో చేరకముందే రాయించుకో, మొహమాటపడకు.

బాపట్ల_బ్యాచ్:
అందరికీ థాంక్స్. ప్లేట్ల పర్మిట్ గురించి ఇవాళే మెయిల్ పెడతా. అమ్మ మాత్రం తిండి సంగతి అడగమంటోంది.

నైరోబీ_అక్క:
అమ్మకి చెప్పు, కంపాలాలో మనవాళ్ల కొట్లలో పప్పులన్నీ దొరుకుతాయి. సెరెరె వైపు అటాప్ అని పెడతారు, అచ్చం మన రాగిసంకటే. పచ్చడి జాడీ ఒక్కటి పట్టుకెళ్తే చాలు.