ఎద్దుకు ఎరుపు కనిపిస్తుందా, లేదా? రంగంపేట పోయేవాళ్లు చెప్పండి

తువ్వాలు: కనుమకి చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేట పశువుల పండక్కి పోతే, ఎర్ర తువ్వాలు వేసుకున్నానని ఒక పెద్దాయన నన్ను అరుగు మీద నుంచి దింపేశాడు. అది చూస్తే కోడెకి తిక్క రేగుతుందంట. నిజమేనా?

వెటర్నరీ రెండో ఏడు: కాదన్నా. రంగులు పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలు, పశువుకు రెండే. ఎరుపుకీ ఆకుపచ్చకీ మనకున్నంత తేడా దానికి తెలీదు. స్పెయిన్‌లో ఎద్దు ముందు ఎర్రగుడ్డ ఊపుతారు చూడండి, అక్కడ కూడా అది మీదికొచ్చేది ఊపుడు చూసి.

కనుమకోడె: పుస్తకంలో చదివి చెప్పొద్దు తమ్ముడూ. మా ఇంట్లో ఎద్దు పదకొండేళ్లు ఉండింది. తెల్లచొక్కాతో గడ్డి వేస్తే గమ్మునుండేది, దసరాకి కొన్న ఎర్రచొక్కా వేసుకుపోయిన రోజే కొమ్ము విసిరింది. తొడ మీద మచ్చ ఇంకా ఉంది, కావాలంటే ఫొటో పెడతా.

పీలేరు బస్సు: ఫొటో వద్దన్నా 🙏

వెటర్నరీ రెండో ఏడు: కొత్త చొక్కాకి అంగడి వాసన కూడా ఉంటుంది కదన్నా. పైగా దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ 300 డిగ్రీలు పైనే కనిపిస్తుంది, సరిగ్గా వెనకవైపు మాత్రం కనపడదు. మీరు ఎటునుంచి పోయారు?

కనుమకోడె: ఎటునుంచి పోతే ఏమప్పా? చొక్కా ఎరుపు.

కోట వెనక వీధి: పండగలో ఎద్దు పరిగెత్తేటప్పుడు కుర్రాళ్లు లాక్కునే పలక ఉంది చూడండి, మా తాత దాన్ని కొమ్ములకి కట్టేదే ఎర్రగుడ్డతో. మా ఎద్దు దాన్ని అదే పొడుచుకోలేదే 😂

వెటర్నరీ రెండో ఏడు: అందరూ రంగు గురించే అడుగుతారు, చెవి గురించి అడిగేవాళ్లు లేరు. మనకు 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, పశువుకు 35 వేల దాకా వినపడుతుంది. డప్పులు, విజిళ్లు, రెండు పక్కలా అరుపులు, మధ్యలో సందులాంటి దారి. అది పరిగెత్తేది కోపంతోనా, బెదిరా?

కనుమకోడె: ఇదిగో, ఇప్పుడు బయటపడింది. నీ బాధ ఎరుపు కాదు, పండగ ఆపాలని. రెండేళ్ల కిందట మా ఊరికీ ఒకాయన ఇట్లే ఫోన్ పట్టుకుని వచ్చాడు. పలక కడుతున్న మా అన్నను వీడియో తీసి హింస అని పెట్టాడు. ఎద్దుకు బెల్లం పెట్టకుండా మా అన్న సద్దన్నం కూడా ముట్టడు, అది మాత్రం ఆ వీడియోలో లేదు.

వెటర్నరీ రెండో ఏడు: ఆపమని నేనెక్కడ అన్నా? మాదీ పశువులున్న ఇల్లే. నేను తొమ్మిదిలో ఉండగా మా నాయన మా కోడెను తొలిసారి పండక్కి తోలాడు. పలక ఎవరికీ చిక్కలేదు, ఊరంతా మెచ్చుకున్నారు. ఆ రాత్రి తొట్టి నిండా తవుడు కలిపి పెడితే మూతి కూడా పెట్టలేదు. చెంబు కింద పడితే చాలు, ఒళ్లంతా వణికి గోడకు ఆనుకునేది, కంట్లో తెల్లగుడ్డు కనిపించేది. మా నాయన పక్కనే గోనెపట్టా వేసుకుని పడుకున్నాడు. దీన్ని నేను ఎవరితో చెప్పినా 'పండగ వద్దంటావా' అనే అడుగుతారు.

కనుమకోడె: ఎన్ని రోజులు?

వెటర్నరీ రెండో ఏడు: మూడో రోజు కుడితి తాగింది.

కనుమకోడె: మాదీ ఆ రాత్రి తినదు. అలసట అనుకునేవాళ్లం.

కనుమకోడె: అయినా చొక్కా ఎరుపే.