రోమ్‌లో కంచు బాక్సర్ విగ్రహం: ఫ్లాష్ లేకుండా ఫోటో ఎలా తీయాలి?

అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో రోమ్ వెళ్తున్నాం. తెర్మిని స్టేషన్ దగ్గరి పలాజ్జో మాస్సిమో మ్యూజియంలో, 1885లో తవ్వకాల్లో బయటపడ్డ బాక్సర్ కంచు విగ్రహం ఉంది. అలసిపోయి కూర్చుని, తల పక్కకి తిప్పి చూస్తుంటాడు. పెదవులు, ముఖం మీది గాయాలు, కుడి తొడ మీద రాలిన నెత్తుటి చుక్కలు అన్నీ రాగితో పొదిగారు. ముదురు కంచు మీద ఆ ఎరుపు ఫోటోలో తెలియాలి, నాకు అదే ముఖ్యం.

ఫ్లాష్, ట్రైపాడ్ లేకుండానే తీయాలి. తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఉంది. ఐఎస్ఓ (కెమెరా కాంతిని ఎంతగా పట్టుకోవాలో చెప్పే సెట్టింగ్) ఎంతవరకు పెంచొచ్చు? వైట్ బ్యాలెన్స్ (లైట్ల రంగుకు తగ్గట్టు ఫోటో రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదిలేస్తే రాగి రంగు చచ్చిపోతుందా? లైట్ల మెరుపు పడకుండా ఏ పక్క నిలబడాలి?

రోమన్ ఫోరమ్ (ప్రాచీన రోమ్ నగర కూడలి) శిథిలాలు మాత్రం సాయంత్రం కాపిటొలైన్ కొండ మీద నుంచి తీద్దామనుకుంటున్నా, ఎండ మన వెనక నుంచి పడుతుంది కదా. అక్కడ తీసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.